1912లో రూజ్‌వెల్ట్‌కు రిపబ్లికన్ టికెట్ వచ్చి ఉంటే?

చరిత్రపిచ్చి
1912 అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి ఎక్కడ మాట మొదలైనా ఒకే కూడిక చూపిస్తున్నారు. డెమోక్రాట్ విల్సన్‌కు 41.8 శాతం ఓట్లు. రిపబ్లికన్ టికెట్ రాక సొంత పార్టీ పెట్టుకున్న మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు 27.4, ఆ టికెట్ దక్కిన అప్పటి అధ్యక్షుడు టాఫ్ట్‌కు 23.2. ఈ రెండూ కలిపితే యాభై దాటింది కాబట్టి, ఆ జూన్‌లో షికాగోలో జరిగిన పార్టీ సభలో రిపబ్లికన్ టికెట్ రూజ్‌వెల్ట్‌కు ఇచ్చి ఉంటే గెలుపు ఆయనదేనట, అక్కడితో కథ కంచికి. నాకు ఈ కూడిక మింగుడుపడదు. టాఫ్ట్‌కు వేసిన దాదాపు 35 లక్షల మందీ రూజ్‌వెల్ట్ జేబులో ఉన్నారని ఎవరు చెప్పారు? రాష్ట్ర కోర్టుల తీర్పులను జనం ఓటేసి తిరగదోడే హక్కు ఉండాలని ఆయన ఆ ఫిబ్రవరిలో ఒహాయోలో ప్రసంగించాడు. లాయర్లు, వ్యాపారులు, పాతకాలపు రిపబ్లికన్లు హడలిపోయారు. టికెట్ తెచ్చుకున్నంత మాత్రాన అలాంటివాళ్లు ఆయనకే వేస్తారా? ఊరికే "గెలిచేవాడు" అనకుండా ఎందుకో చెప్పండి.

లెక్కలమాస్టారు
నేను ఆ కూడిక పక్షమే. 1908ని పక్కన పెట్టి చూడండి. అప్పుడు టాఫ్ట్‌కు సుమారు 77 లక్షల ఓట్లు. 1912లో రూజ్‌వెల్ట్, టాఫ్ట్ ఇద్దరివీ కలిపితే 76 లక్షలు. ఇటు డెమోక్రాట్లలో 1908లో ఓడిన బ్రయాన్‌కు 64 లక్షలు, 1912లో గెలిచిన విల్సన్‌కు 63 లక్షలు. ఓడినవాడికన్నా గెలిచినవాడికి ఓట్లు తక్కువ! ఒక రాష్ట్రంలో పడ్డ ఓట్లలో సగానికి పైగా విల్సన్‌కు వచ్చింది పాత కాన్ఫెడరసీలోని (అంతర్యుద్ధంలో విడిపోయిన) 11 దక్షిణాది రాష్ట్రాల్లోనే. మిగతా చోట్ల ఆయన్ని గెలిపించింది చీలిక. రాష్ట్రాల వారీగా గెలిచినవాడికి దక్కే ఎలక్టోరల్ ఓట్లు 435 చూసి ప్రభంజనం అనుకోవద్దు.

గోదారోడు
మాస్టారు దిగారంటే ఇక అంకెల వానే. గొడుగులు తెచ్చుకోండి.

సుజాత_పి
మాస్టారూ, మొత్తాలు సరే, మధ్యలో 1910 ఏమైంది? 1909లో పేన్–ఆల్డ్రిచ్ సుంకాల చట్టం మీదే రిపబ్లికన్లు రెండు ముక్కలయ్యారు. మరుసటి ఏడాది అటవీ భూముల విషయంలో బాలింజర్–పిన్చో గొడవ. 1910 నవంబరుకల్లా ప్రతినిధుల సభ డెమోక్రాట్ల చేతికి పోయింది, విల్సన్ న్యూజెర్సీ గవర్నరయ్యాడు. ఇదంతా రూజ్‌వెల్ట్ సొంత పార్టీ పెట్టక ముందే. గాలి అప్పటికే తిరిగింది. చీలిక లేకపోతే పోటీ గట్టిగా ఉండేది, అంతవరకే నేను ఒప్పుకుంటా. పైగా డెబ్స్ సోషలిస్టు ఓట్లు 1908తో పోలిస్తే రెండింతలై 9 లక్షలకు చేరాయి. అసంతృప్తి ఒక్క చోట లేదు.

మిల్వాకీ_రమణ
అక్టోబరు 14న రూజ్‌వెల్ట్‌ను కాల్చింది మా ఊళ్లోనే. జేబులో మడిచి పెట్టుకున్న 50 పేజీల ప్రసంగం, కళ్లజోడు పెట్టె గుండుకు అడ్డుపడ్డాయి. ఛాతీలో గుండు ఉండగానే వేదికెక్కి గంటకు పైగా మాట్లాడాడు. ఆ గుండు చివరిదాకా ఒంట్లోనే ఉంది. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా ఆ చోటు చూపించి ఈ కథ చెబుతుంటాను. ప్రసంగం 20 పేజీలే అయి ఉంటే ఈ చర్చే వేరు!

పాలమూరు_పిల్లోడు
ఓట్ల సంగతి తర్వాత, ముందు టికెట్ సంగతి చూడండి. పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే చెప్పే ప్రైమరీలు జరిగిన 12 రాష్ట్రాల్లో 9 రూజ్‌వెల్ట్‌వి. టాఫ్ట్ సొంత రాష్ట్రం ఒహాయో కూడా ఆయనే గెలిచాడు. జనం అంత స్పష్టంగా చెప్పాక షికాగోలో ఏమైంది? వివాదంలో ఉన్న 254 ప్రతినిధి స్థానాల్లో 235 టాఫ్ట్‌కు, 19 రూజ్‌వెల్ట్‌కు పంచారు. పంచిన కమిటీ టాఫ్ట్ మనుషులదే. దీన్ని దోపిడీ అనక ఏమనాలి? టికెట్ రాని ప్రతివాడూ రెబల్‌గా దిగుతాడు, కానీ ఈయనకు దిగే హక్కు నిజంగా ఉంది.

కోర్టుపక్షి
పాలమూరు తమ్ముడూ, ఆ 254లో చాలావరకు రూజ్‌వెల్ట్ మనుషులు కావాలని సృష్టించినవే. దక్షిణాది రాష్ట్రాల్లో పోటీ ప్రతినిధులను నిలబెట్టి, టాఫ్ట్ బలం తక్కువగా కనబడేలా చేశారు. కొన్ని చోట్ల ఆయనకు అన్యాయం జరిగింది, కాదనను. మొత్తం 235 ఆయనవే అంటే మాత్రం నిలబడదు. ఇంకో సంగతి, పదవిలో ఉన్న అధ్యక్షుడు పార్టీ యంత్రాంగంతో దక్షిణాది ప్రతినిధులను గుప్పిట్లో పెట్టుకోవడం రూజ్‌వెల్ట్‌కు తెలియని విద్య కాదు. 1908లో టాఫ్ట్‌కు టికెట్ ఇప్పించింది ఆ పద్ధతిలోనే.

లెక్కలమాస్టారు
మలుపు ఎక్కడుందో నేను చెబుతా. సభాధ్యక్షుడి ఎన్నిక. టాఫ్ట్ వర్గం నిలబెట్టిన ఎలిహు రూట్‌కు 558, రూజ్‌వెల్ట్ వర్గం బలపరిచిన విస్కాన్సిన్ గవర్నర్ మెక్‌గవర్న్‌కు 502. అటువైపు నుంచి 29 మంది ఇటు వస్తే సభ పగ్గాలు రూజ్‌వెల్ట్ చేతిలో ఉండేవి. ప్రతినిధుల తగాదాలు వేరేగా తేలేవి.

మిల్వాకీ_రమణ
అక్కడ అడ్డుపడింది మా లాఫాలెట్. సెనేటర్, పక్కా సంస్కరణవాది, ఆ ఏడాది తానూ పోటీలో ఉన్నాడు. విస్కాన్సిన్, నార్త్ డకోటా కలిపి 36 మంది ప్రతినిధులు ఆయనవాళ్లు. ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా విందులో ఆయన ప్రసంగం గాడితప్పి గంటల తరబడి సాగింది. ఆ దెబ్బకు మద్దతుదారులు రూజ్‌వెల్ట్ వైపు జారుకున్నారు. తన బలగాన్ని లాక్కున్నాడన్న కోపం ఆయనలో చల్లారలేదు. మెక్‌గవర్న్ సొంత రాష్ట్రం వాడే అయినా షికాగోలో చేతులు కలపనన్నాడు. కాబట్టి నా కథ ఇలా మొదలవుతుంది: 1911 చివర్లోనే రూజ్‌వెల్ట్, లాఫాలెట్ కూర్చుని ఒక మాట మీదకు వస్తారు. అప్పుడు ఆ 29 మందిని వెతకడం కష్టం కాదు.

చరిత్రపిచ్చి
రమణ గారూ, ఇదీ నాకు కావలసింది. కానీ ఆ ఇద్దరూ ఒక మాట మీదకు వస్తారా? మిస్సోరీ గవర్నర్ హ్యాడ్లీని రాజీ అభ్యర్థిగా పెడదామంటేనే రూజ్‌వెల్ట్ వినలేదు. ఆ మనిషికి రెండో స్థానం అనేది పడదు.

సుజాత_పి
అందరూ రిపబ్లికన్ల గదిలోనే తిరుగుతున్నారు. ఆ గది తలుపు మూసుకున్న మూడు రోజులకు బాల్టిమోర్‌లో డెమోక్రాట్ల సభ మొదలైంది. అక్కడ 46 రౌండ్ల ఓటింగ్ జరిగితే గానీ విల్సన్ గట్టెక్కలేదు. పదో రౌండ్‌లోనే స్పీకర్ ఛాంప్ క్లార్క్‌కు సగానికి పైగా వచ్చేశాయి! అదే రిపబ్లికన్ సభ అయితే టికెట్ ఆయనదే. డెమోక్రాట్లకు మూడింట రెండు వంతులు కావాలన్న నియమం ఉండేది, 1936 దాకా అది పోలేదు. పద్నాలుగో రౌండ్‌లో బ్రయాన్ విల్సన్ వైపు తిరిగాడు, తర్వాత క్లార్క్ మెల్లగా కరిగిపోయాడు.

ఇప్పుడు మీ కథలో పెట్టి చూడండి. షికాగోలో రూజ్‌వెల్ట్ గెలిస్తే డెమోక్రాట్లకు ఆయనకు దీటైన సంస్కరణవాది తప్పనిసరి, అంటే విల్సన్‌కు ఇంకా తేలిక. రూజ్‌వెల్ట్ టికెట్ పోగొట్టుకుని నోరు మూసుకుని ఇంటికి పోతే, ఎదుట బలహీనపడ్డ టాఫ్ట్ ఒక్కడే. అప్పుడు "ఎవర్ని పెట్టినా గెలుస్తాం" అన్న ధైర్యంతో క్లార్క్‌ను పెట్టేవారు. రెండు సభల తేదీలు తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు రాదు.

గోదారోడు
ఏసీ లేని రోజుల్లో, జూన్ చివర ఎండల్లో, 46 రౌండ్లు. ఆ ప్రతినిధులకు దండం.

టొరంటో_విజయ
క్లార్క్ అధ్యక్షుడైతే మా కెనడా వాళ్లకు నిద్ర పట్టేది కాదు. 1911లో అమెరికా–కెనడా వాణిజ్య ఒప్పందం చర్చకు వచ్చినప్పుడు, ఉత్తర ధ్రువం దాకా బ్రిటిష్ నేల మీద అమెరికా జెండా ఎగిరే రోజు రావాలన్నట్టు సభలో మాట్లాడింది ఈయనే. ఆ మాటను ఇక్కడి కన్సర్వేటివ్‌లు ఊరూరా తిప్పారు. ఆ సెప్టెంబరులో ఒప్పందం చేసుకున్న ప్రధాని లారియే ప్రభుత్వం ఓడిపోయింది, ఒప్పందం మూలకు పోయింది. అలాంటి మనిషి వైట్‌హౌస్‌లో ఉండగా 1914లో యుద్ధం వస్తే, కెనడా తన సైన్యాన్ని అంత నిశ్చింతగా యూరప్ పంపేదా?

డల్లాస్_శీను
యుద్ధం మాట వచ్చింది కాబట్టి. రూజ్‌వెల్ట్ గెలిస్తే 1915 మేలో జర్మన్ జలాంతర్గామి బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటానియాను ముంచిన వారమే అమెరికా యుద్ధంలోకి దిగేది. 1,198 మంది చనిపోయారు, వాళ్లలో 128 మంది అమెరికన్లు. విల్సన్‌లా ఉత్తరాలు రాసుకుంటూ కూర్చునేవాడు కాదు. యుద్ధం 1917 కల్లా ముగిసేది. రష్యాలో జార్ కూడా కూలేవాడు కాదేమో.

కోర్టుపక్షి
శీను గారూ, యుద్ధం ప్రకటించేది అధ్యక్షుడు కాదు, కాంగ్రెస్. 1915లో మధ్య పశ్చిమ రాష్ట్రాల సభ్యులు యుద్ధానికి ఓటేస్తారని నేను నమ్మను. దిగాలన్నా దేనితో దిగుతారు? అప్పటి రెగ్యులర్ ఆర్మీ లక్ష మంది చిల్లర. 1917 ఏప్రిల్‌లో యుద్ధం ప్రకటించాక కూడా ఫ్రాన్స్‌లో పెద్ద ఎత్తున పోరాడటానికి ఏడాది పట్టింది.

డల్లాస్_శీను
రూజ్‌వెల్ట్ ఉంటే 1913 నుంచే సైన్యాన్ని, నౌకాదళాన్ని పెంచుతూ వచ్చేవాడు కదా. తన మొదటి దఫాల్లో నౌకాదళాన్ని ప్రపంచం చుట్టూ తిప్పిన మనిషి ఆయన. 1915 నాటికి ఆ లక్ష లక్షగానే ఉంటుందని మీరెలా అనుకుంటారు?

ఆకాశ్_నల్గొండ
ఒక చిన్న పాయింట్, ఎవరూ అనలేదు. 1912లో ఓడాకే రూజ్‌వెల్ట్ బ్రెజిల్ అడవుల్లో ఎవరూ చూడని నది వెంట పడవల్లో వెళ్లాడు. కాలికి దెబ్బ తగిలి పుండైంది, మలేరియా. బతికి బయటపడ్డా మునుపటి మనిషి కాలేదు. 1919 జనవరిలో 60 ఏళ్లకే పోయాడు. గెలిచి ఉంటే ఆ నది లేదు. 1920లో కూడా ఆయన బతికే ఉంటాడు. ఆ ఏడాది గెలిచిన హార్డింగ్ పేరు మనకు తెలిసేదే కాదు.

చరిత్రపిచ్చి
ఆకాశ్, ఇది నిజంగా బాగుంది. అధ్యక్ష పదవి ఒత్తిడి కూడా మనిషిని తినేస్తుంది, విల్సన్‌ను చూశాం. కానీ ఆ అడవి జ్వరం లేకపోవడం చిన్న తేడా కాదు.

భారతి_అట్లాంటా
ఇంతమంది ఇంత రాశారు, వాషింగ్టన్ ఆఫీసుల్లో పనిచేసిన నల్లజాతి గుమాస్తాల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. 1913లో విల్సన్ మంత్రులు బర్ల్‌సన్, మెక్‌అడూ తపాలా, ట్రెజరీ శాఖల్లో వాళ్లను తెల్లవాళ్ల నుంచి విడదీశారు. బల్లల మధ్య తెరలు, విడి భోజన గదులు, విడి మరుగుదొడ్లు. డ్యుబోయిస్, ట్రాటర్ లాంటి నల్లజాతి నాయకులు 1912లో విల్సన్‌ను నమ్మి మద్దతిచ్చారు. 1914లో ట్రాటర్ వైట్‌హౌస్‌కే వెళ్లి నిలదీస్తే విల్సన్ కోప్పడి పంపించేశాడు. 1912 ఫలితం మారి ఉంటే నాకు మొదట కనిపించే తేడా ఇది. లూసిటానియా కన్నా ముందు, కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ కన్నా ముందు.

పాలమూరు_పిల్లోడు
అందుకే రూజ్‌వెల్ట్ రావాల్సింది అంటున్నా అక్కా.

భారతి_అట్లాంటా
అంత తేలిగ్గా వద్దు తమ్ముడూ. 1906లో బ్రౌన్స్‌విల్ కాల్పుల కేసులో విచారణే లేకుండా 167 మంది నల్లజాతి సైనికులను సైన్యం నుంచి తీసేసింది రూజ్‌వెల్టే. 1912 ఆగస్టులో తన కొత్త పార్టీ సభకు దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి ప్రతినిధులను కూర్చోనివ్వలేదు. ఆయన వస్తే ఆఫీసుల్లో ఆ తెరలు వచ్చేవి కావని నమ్ముతాను, అంతకుమించి ఆశపడను.

బే_ఏరియా_లక్ష్మి
నా ఓటు 1912కు కాదు, 1916కు. నిజంగా వెంట్రుకవాసి ఎన్నిక అది. ఎలక్టోరల్ ఓట్లు విల్సన్‌కు 277, రిపబ్లికన్ అభ్యర్థి హ్యూస్‌కు 254. కాలిఫోర్నియా 13 ఎలక్టోరల్ ఓట్లు ఇటు వస్తే హ్యూస్‌కు 267, కావలసింది 266. ఆ రాష్ట్రంలో తేడా నాలుగు వేల ఓట్ల లోపు. ఆగస్టులో ప్రచారానికి వచ్చిన హ్యూస్, 1912లో రూజ్‌వెల్ట్‌కు ఉపాధ్యక్ష జోడీగా నిలబడ్డ గవర్నర్ హైరమ్ జాన్సన్ లాంగ్‌బీచ్‌లో కాసేపు ఒకే హోటల్లో ఉన్నారు. హ్యూస్ పలకరించకుండా వెళ్లిపోయాడు. జాన్సన్ అక్కడ ఉన్నట్టు హ్యూస్‌కు తెలియదన్నారు. జాన్సన్ మనుషులు దాన్ని అవమానంగా తీసుకున్నారు. నవంబరులో అదే జాన్సన్ సెనేట్‌కు దాదాపు 3 లక్షల మెజారిటీతో గెలిచాడు, అదే రోజు అదే జనం మధ్య హ్యూస్ ఓడాడు. ఒక్క కరచాలనం!

లెక్కలమాస్టారు
ఒక్క కరచాలనమే అనకండి అమ్మా. న్యూహాంప్‌షైర్‌లో విల్సన్ గెలిచింది 56 ఓట్లతో, మినెసోటాలో హ్యూస్ గెలిచింది 392తో. మినెసోటా 12 ఎలక్టోరల్ ఓట్లు విల్సన్ వైపు పోయి ఉంటే మీ కాలిఫోర్నియా చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. పైగా కాలిఫోర్నియాలో 1911 నుంచే ఆడవాళ్లకు ఓటుంది. విల్సన్ మగపిల్లల్ని యుద్ధానికి పంపలేదన్న ప్రచారం వాళ్లలో పనిచేసింది. దాన్ని హోటల్ గదిలో పెట్టి తాళం వేయలేం.

కోర్టుపక్షి
హ్యూస్ గెలిస్తే అన్నది ఊహ మాత్రమే కాదు, విల్సన్ దానికి ముందే ఏర్పాటు ఆలోచించుకున్నాడు. అప్పట్లో నవంబరులో గెలిచినవాడు మార్చి 4 దాకా ఆగాలి. యుద్ధకాలంలో నాలుగు నెలలు ఓడిన అధ్యక్షుడితో దేశం నడవకూడదని ఆయన అభిప్రాయం. పోలింగ్‌కు రెండు రోజుల ముందు విదేశాంగ మంత్రి లాన్సింగ్‌కు ఉత్తరం రాశాడు. ఓడితే హ్యూస్‌ను విదేశాంగ మంత్రిని చేసి, తానూ ఉపాధ్యక్షుడు మార్షల్ ఇద్దరూ రాజీనామా చేస్తారు. అప్పటి చట్టం ప్రకారం తర్వాతి వరుస విదేశాంగ మంత్రిదే, కాబట్టి హ్యూస్ వెంటనే అధ్యక్షుడవుతాడు. అంటే 1917 ఫిబ్రవరిలో జర్మనీ జలాంతర్గాముల దాడులు మళ్లీ మొదలుపెట్టేసరికి కుర్చీలో హ్యూస్ ఉంటాడు. నన్నడిగితే ఈ దారాన్ని పట్టుకుని రాసేవాళ్లు చాలా తక్కువ, రాయాల్సింది ఇదే.

ఒంగోలు_వాసు
లక్ష్మి గారు జాన్సన్ పేరెత్తారు కాబట్టి. ఆయన్ని సంస్కరణల వీరుడిగా చూసి, 1912లో రూజ్‌వెల్ట్ గెలిచుంటే ఉపాధ్యక్షుడు, తర్వాత అధ్యక్షుడు అని కలలు కనేవాళ్లకు ఒక మాట. 1913 మేలో కాలిఫోర్నియా భూచట్టం మీద సంతకం పెట్టింది ఈ జాన్సనే. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదు, కౌలు కూడా మూడేళ్లకు మించకూడదు. గురి జపనీయుల మీద. ఆపమని బ్రయాన్ విదేశాంగ మంత్రి హోదాలో శాక్రమెంటో దాకా వెళ్లి బతిమాలినా వినలేదు. మా ప్రకాశం జిల్లా దరిశి చెంచయ్య గారు ఆ రోజుల్లోనే కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్ పార్టీలో చేరారు. చెంచయ్య గారు చూసిన కాలిఫోర్నియాకు గవర్నర్ ఈయన.

బే_ఏరియా_లక్ష్మి
ఆ చట్టం మనవాళ్ల మెడకు గట్టిగా చుట్టుకుంది 1923లో వాసు గారూ. భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవాళ్లు కారు, పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు రాసిన సదర్లాండ్‌ను కోర్టుకు పంపింది హార్డింగ్. 1920లో హార్డింగ్ కాకుండా ఇంకెవరైనా ఉంటే ఆ తీర్పు తప్పేదా అని నాకు ఎప్పటినుంచో ప్రశ్న.

కోర్టుపక్షి
తప్పేది కాదు. అది ఏకగ్రీవ తీర్పు. విల్సన్ నియమించిన బ్రాండైస్ కూడా అందులో ఉన్నాడు. అధ్యక్షుణ్ణి మారిస్తే మారేవి కొన్ని, ఆ కాలంలో ఎవరొచ్చినా మారనివి కొన్ని. ఇది రెండో రకం. 1946లో కాంగ్రెస్ కొత్త చట్టం చేస్తేనే ఆ తలుపు తెరుచుకుంది.

చరిత్రపిచ్చి
మద్రాసు హైకోర్టు మాజీ జడ్జి సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ 1917లో విల్సన్‌కు ఉత్తరం రాశారు, హోమ్ రూల్ విషయంలో సాయం చేయమని. లండన్‌లో పెద్ద దుమారం లేచింది, ఆయన "సర్" బిరుదు వదిలేసుకున్నారు. ఆ చోట హ్యూస్ ఉంటే రాసేవారా? చిన్న దేశాల హక్కుల గురించి విల్సన్ మాట్లాడిన తీరే మనవాళ్లలో ఆశ పుట్టించింది. హ్యూస్ ఆ భాష మాట్లాడే మనిషి కాదు.

ఆకాశ్_నల్గొండ
1920కి వస్తే: రిపబ్లికన్ పెద్దలు ఉపాధ్యక్షుడిగా అనుకున్నది విస్కాన్సిన్ సెనేటర్ లెన్‌రూట్‌ను. ఒరెగాన్ ప్రతినిధి మెక్‌కామంట్ లేచి కూలిడ్జ్ పేరు అరిచాడు, సభంతా అటు ఊగిపోయింది. మూడేళ్లకు హార్డింగ్ చనిపోయాడు, కూలిడ్జ్ అధ్యక్షుడయ్యాడు. ఆ ఒక్కడు కూర్చునే ఉంటే 1923లో అధ్యక్షుడు లెన్‌రూట్.

మిల్వాకీ_రమణ
మా రాష్ట్రానికి అన్నీ తృటిలో తప్పిపోవడమే.

సుజాత_పి
నాకు వీటన్నిటికన్నా పెద్ద మలుపు ఎన్నిక కానే కాదు. 1919 అక్టోబరు 2న విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. అప్పుడే మార్షల్ బాధ్యతలు తీసుకుని ఉంటే, సెనేట్‌లో రిపబ్లికన్ నాయకుడు లాడ్జ్ పెట్టిన షరతులకు తలూపి, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందాన్ని గట్టెక్కించేవాడు. 1920 మార్చిలో షరతులతో కూడిన ఒప్పందానికి 49–35 వచ్చింది, మూడింట రెండు వంతులకు ఏడు ఓట్లే తక్కువ. వ్యతిరేకించినవాళ్లలో చాలామంది విల్సన్ మాట మీద నిలబడ్డ డెమోక్రాట్లు. ఆ మాట చెప్పేవాడు మార్షల్ అయి ఉంటే ఆ ఒప్పందంతో పుట్టిన నానాజాతి సమితిలో అమెరికా ఉండేది.

డల్లాస్_శీను
ఉండి ఏం చేసేది? షరతులు పెట్టుకుని చేరిన దేశం 1931లో జపాన్ దాడి చేసిన మంచూరియాకు సైన్యం పంపుతుందా?

కోర్టుపక్షి
దానికన్నా ముందు మార్షల్ కుర్చీ ఎక్కే దారి చెప్పండి. అధ్యక్షుడు బతికుండి పని చేయలేకపోతే ఎవరు తేల్చాలో రాజ్యాంగంలో అప్పుడు లేదు, 25వ సవరణ వచ్చింది 1967లో. విల్సన్ గది తలుపు దగ్గర ఆయన భార్య, డాక్టర్. లాన్సింగ్ తనంతట తాను మంత్రివర్గ సమావేశాలు పిలిచినందుకే 1920 ఫిబ్రవరిలో ఆయనతో రాజీనామా చేయించారు. మార్షల్‌ను రమ్మని పిలవాల్సింది ఎవరు? దానికి పేరు చెప్పగలిగితే ఈ కథను నేను నమ్ముతాను.